అల్లిక సంచి గురించి నా అభిప్రాయం



పోయిన నెలలో డార్మిటరీలో ఒక చెల్లి కాలికి ఊలు సూది గుచ్చుకున్న సంగతి అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి సూదులన్నీ స్టోరు బీరువాలోకి వెళ్ళిపోయాయి. ఆదివారం రెండు గంటలు మాత్రం ఇస్తున్నారు. మేడం గారు చేసింది తప్పు అని నేను అనను. గుచ్చుకున్నది నాకైతే నేనూ అలాగే అరిచేదాన్ని. కానీ తప్పు సూదిది కాదు, దాన్ని పెట్టే చోటు మనకు లేకపోవడమే అని నా అభిప్రాయం.

నా సొంత నష్టం ఒకటి చెప్తాను. మా చిన్న తమ్ముడికి టోపీ మొదలుపెట్టాను. మా ఊరు లంబసింగి వైపు. డిసెంబరు, జనవరిలో అక్కడి చలి ఎలా ఉంటుందో ఆ పక్క నుంచి వచ్చిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 72 కుట్లు ఎక్కించి నలభై వరసలు అల్లి, సూదితో సహా ట్రంకు పెట్టెలో పెట్టాను. పుస్తకాలు తీస్తుంటే, పెడుతుంటే సూది జారిపోయింది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళే ముందు రోజు తీసి చూద్దును కదా, కుట్లు సగం ఊడిపోయి ఉన్నాయి! తమ్ముడికి టోపీ బదులు ఊలు ఉండ పట్టుకెళ్ళాను. వాడు దానితో బంతి ఆడుకున్నాడు.

నరసాపురం లేసు అల్లేవాళ్ళకి ఈ బాధ తక్కువ. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన లేసు అది. వాళ్ళది ఒక్క కొక్కెం సూది, దాని మీద మామూలుగా ఒక్క కుట్టే ఉంటుంది. ఊడినా మళ్ళీ పట్టుకోవచ్చు. మనవి రెండు సూదులు, డెబ్భై కుట్లు. అందుకే మనకు సంచి కావాలి.

మరి ఏ సంచి? నేను అన్నీ వాడి చూశాను. షాపు కవరుకు సూది బొక్క పెడుతుంది, ఉండ కిందపడి మంచాల కిందంతా దొర్లుతుంది. పైగా స్టడీ అవర్‌లో గరగరమని చప్పుడు. అసలు 120 మైక్రాన్ల కంటే పల్చటి కవర్లు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం కదా, ఇంకా వాటి సంగతెందుకు! అమ్మ పంపిన వెదురు బుట్ట చూడటానికి బాగుంటుంది, కానీ ఈనెలకు ఊలు పట్టుకొని పీచు లేస్తుంది. జిప్పు బ్యాగు ఇంకా చెడ్డది. ఒక్కసారి జిప్పు పళ్ళలో ఊలు పడిందంటే కత్తిరించాల్సిందే.

నాకు నచ్చింది పాత యూనిఫారం పైజామా కాలు. నవ్వకండి. మోకాలి పై నుంచి కత్తిరించి, కత్తిరించిన వైపు రెండుసార్లు కుట్టెయ్యాలి. అదే సంచి అడుగు. పాదం దగ్గర మడత ఎలాగూ కుట్టే ఉంటుంది కాబట్టి, పక్క కుట్టు దగ్గర కాస్త విప్పి అందులో నాడా దూర్చితే మూతి తయారు. కొత్తగా కుట్టాల్సింది అడుగు ఒక్కటే. పొడవు మాత్రం సూది కన్నా రెండంగుళాలు ఎక్కువ ఉండేట్టు చూసుకోండి. మన దగ్గర పది అంగుళాలవీ ఉన్నాయి, పద్నాలుగు అంగుళాలవీ ఉన్నాయి. 10 నంబరు సూది 8 నంబరు కన్నా సన్నం, గుడ్డలోంచి కూడా తొందరగా దూరుతుంది. కాబట్టి రెండు మొనలకూ రబ్బరు ముక్క గుచ్చాలి, అరిగిపోయిన ఎరేజరు చాలు. కుట్లు జారవు, కాలికీ గుచ్చుకోదు.

మా గదిలో ఒక అక్క, ఊలు బయటికి రావడానికి సంచికి కాజా పెట్టాలంటుంది. నేను ఒప్పుకోను. కాజాలోంచి ఊలు తీస్తే అల్లిక పూర్తయ్యేదాకా సంచి విడిపడదు, ఉతకాలంటే ఊలు తెంచాలి. నాడా కొంచెం వదులు చేస్తే ఆ మూతిలోంచే ఊలు వస్తుంది. ఆవిడ ఇష్టం ఆవిడది.

మేడం గారికి నా మనవి ఏమంటే, ఆదివారం రెండు గంటల్లో నేను పన్నెండు వరసలకు మించి అల్లలేను. చిన్న టోపీకే అరవై వరసలు, అంటే ఐదు ఆదివారాలు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి ఎప్పటికి అవుతాయి? అప్పటికి చలి వెళ్ళిపోతుంది. సంచి ఉండి, మొనలకు రబ్బరు పెట్టి, మంచం కమ్మీకి కట్టిన వాళ్ళకు రోజూ సాయంత్రం ఆట గంటలో సూదులు ఇప్పించండి. ఎవరి సూది నేల మీద కనపడితే వాళ్ళది బీరువాలోకే పోనివ్వండి. మొదట నాదే కనపడినా సరే.

చినిగిన పైజామాలు నేల తుడవడానికి ఇచ్చేయకుండా ఈ వారం ఉంచండి. ఒక్కదానికి రెండు సంచులు వస్తాయి. కుట్టడం నేను చూపిస్తాను. కత్తెర మాత్రం నా దగ్గర లేదు, అది కూడా బీరువాలోనే ఉంది.

— 9వ తరగతి విద్యార్థిని