ఒకే నంబరు, రెండు ఇళ్లు

చెన్నైలోని పాత వీధులలో నడిస్తే ఇంటి గోడలమీద రెండేసి నంబర్లు కనిపిస్తాయి. పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి. కొత్తవి వచ్చినా పాతవి వాడుకనుండి పోలేదు. అందువల్ల ఒక ఇంటి పాత నంబరు అదే వీధిలో మరొక ఇంటికి కొత్త నంబరు అవుతుంది. ఏది పాతదో ఏది కొత్తదో రాయకపోతే ఉత్తరం ఎవరి గడప తొక్కుతుందో చెప్పలేము. ఈ చిక్కు నగరంలో అందరికీ తెలిసినదే. అదే చిక్కు మా ఇంటిలోపలికి వచ్చినప్పుడు మాత్రం నేను గుర్తుపట్టలేకపోయాను.

మా అక్క కూతురు తిరుత్తణి దగ్గరి పల్లెనుండి వచ్చి మా ఇంట్లో ఉంటున్నది. బీకాం చదివిన పిల్ల. ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇంటర్నెట్‌లోనే జరగాలి. ముందురోజు సాయంత్రం లాప్‌టాప్‌లో స్నేహితురాలితో మాట్లాడి చూసుకుంటూ ఉంటే పదేపదే కనెక్షన్ తెగిపోయింది. ఈ నెట్‌వర్కులో మరొక యంత్రానికి కూడా ఇదే ఐపీ అడ్రసు ఉన్నదని తెరమీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. ఆమె చదివింది, నేనూ చదివాను. ఇద్దరికీ ఏమి చేయాలో తోచలేదు. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. కాసేపు బాగుండి తిరిగి అదే వరుస. ఫోను చేస్తే, రేపు మధ్యాహ్నం మనిషిని పంపుతామన్నారు. ఇంటర్వ్యూ పొద్దున పదింటికి. "రేపు కూడా ఇట్లే అయితే ఎట్లా మామా?" అని పిల్ల కంట నీరు పెట్టుకున్నది.

మా అమ్మ ఇంగ్లీషు చదవదు. ఏమిరా అని అడిగితే తెలుగులో చెప్పాను. "అట్లయితే పాత నంబరు, కొత్త నంబరు తగువు మాదిరే గదా! నంబర్లు ఇచ్చేది ఎవరు? ఇయ్యకుండానే సొంతంగా రాసుకున్నది ఎవరు?" అన్నది. నేను వెతకవలసినవి సరిగ్గా ఆ రెండే.

నంబర్లు ఇచ్చేది రౌటర్. ఫోనుకో లాప్‌టాప్‌కో 192.168.1.5 వంటి ఒక నంబరును కొంతకాలానికి బాడుగకు ఇచ్చినట్టు ఇస్తుంది. ఈ ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. 192.168తో మొదలయ్యే నంబర్లను ఇళ్లు, కార్యాలయాల లోపలి వాడకానికే కేటాయిస్తూ 1996లో నిర్ణయం జరిగింది. కనుక పక్కింట్లో అదే నంబరు ఉన్నా ఇబ్బంది లేదు. ప్రతి వీధిలోనూ అయిదో నంబరు ఇల్లు ఉండవచ్చు. ఒకే వీధిలో రెండు ఉండరాదు, అంతే.

సొంతంగా రాసుకున్నది మా ప్రింటరు. దాన్ని బిగించినవారు 5వ నంబరును చేత్తో రాసి వెళ్లారు. ఆ సంగతి రౌటర్‌కు తెలియదు. ప్రింటరు ఆపి ఉన్నప్పుడు 5 ఖాళీగా ఉన్నదనుకొని లాప్‌టాప్‌కు ఇచ్చింది. పిల్ల సర్టిఫికెట్లు అచ్చు తీయడానికి ప్రింటరు వేసినప్పుడల్లా తగువు మొదలైంది. ప్రింటరు సెట్టింగులలో ఆ నంబరు తీసివేసి, రౌటర్ ఇచ్చినదే తీసుకొనేటట్టు మార్చాము. పది నిమిషాల పని. ప్రింటరు నంబరు ఎప్పుడూ మారకూడదనుకొంటే, రౌటర్ సెట్టింగులలోనే ఆ నంబరును దాని పేర కేటాయించవచ్చు.

మేడమీదికి అందదని రెండో రౌటర్ పెట్టుకొన్న ఇళ్లలో మరొక కారణం ఉండవచ్చు. రెండూ ఎవరికి వారు నంబర్లు పంచితే ఒకే వీధికి ఇద్దరు అధికారులు ఏర్పడినట్టే. రెండోదానిలో డీహెచ్‌సీపీని ఆపి, దానికి మొదటిదానికి లేని నంబరు ఇచ్చి, వైరును దాని లాన్ రంధ్రంలో పెట్టాలి. నంబర్లు పంచే పెత్తనం ఒక్కదానికే ఉండాలి.

ఇందులో తెలుగులో చెప్పలేనిది ఏమున్నది? సాంకేతిక విషయాలు తెలుగులో కుదరవని కొందరంటారు. ప్రతి పరికరానికీ ముందు తెలుగు పేరు పుట్టించాలని మరికొందరంటారు. పేర్లు పుట్టించే పని మంచిదే. అయితే అది పూర్తయ్యేదాకా ఇంట్లో దీపం వెలిగించకుండా కూర్చోలేము. రౌటర్‌ను రౌటర్ అనే అందాం. అది చేసే పనిని మాత్రం తెలుగు వాక్యంలో చెప్పుకొందాం. మా అమ్మ కొత్త మాట ఒక్కటీ పుట్టించలేదు. తనకు తెలిసిన వీధినుండి అడిగింది.

1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందినప్పుడు ఆ తొలి నగరాలలో మద్రాసు ఒకటి. ఇన్నేళ్ల తరువాత కూడా ఇంట్లోని ఒక పెట్టె మొరాయిస్తే పరాయి మనిషికోసం ఎదురుచూస్తున్నాము. మనకు తెలివి తక్కువై కాదు. ఇంగ్లీషులో చదివినదాన్ని ఇంట్లో తెలుగులో చెప్పుకొనే అలవాటు పోయినందువల్ల. పిల్లలు తెరను చదువుతారు, పెద్దలకు లోకం తెలుసు. ఇద్దరి నడుమ మాట తెగిపోతే ఇద్దరి తెలివీ వృథా.

సరిహద్దు జిల్లాలలోని మన కుటుంబాలకు నాదొక మనవి. ఏ యంత్రానికి ఏ నంబరు, రౌటర్ పాస్‌వర్డ్ ఏమిటి, ఎవరు ఏమి మార్చారు అన్నది ఒక కాగితంమీద తెలుగులో రాసి బీరువా తలుపు లోపల అంటించండి. మా ఇంటి కాగితాన్ని అమ్మే రాసింది. తెలుగు మాట్లాడడమే తప్ప బడిలో చదువుకోని మేనకోడలు అవ్వ పక్కన నిలబడి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. మరునాడు ఇంటర్వ్యూ ఎక్కడా తెగకుండా సాగింది.