ఫ్లోరైడ్ జబ్బుకు మందు ఆస్పత్రిలో లేదు

కొమరోలు నుంచి కనిగిరి దాకా మెట్ట పల్లెలకు బోరే దిక్కు. వానలు తప్పేకొద్దీ బోర్లు లోతుకు పోతున్నాయి. పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్లలో రాళ్లలోని ఫ్లోరైడ్ ఆ నీళ్లలో కరిగి పైకొస్తున్నది. పళ్లు గారపడతాయి, నడుం వంగదు, మోకాళ్లు పట్టేస్తాయి. పెద్దోళ్లు "మా రాత" అంటారు. అధికారులు "ఇక్కడి భూమి గుణం" అంటారు. ఈ రెండు మాటలతోనూ మేము ఏకీభవించం.

ఈ జబ్బు కొత్తది కాదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఇది ఉందని 1937లోనే డాక్టర్లు రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోనివే. కారణం తెలిసి ఎనభై ఏళ్లు దాటినా జబ్బు ఎందుకు పోలేదు? ఎవరిని ఎక్కువగా పీడిస్తున్నది?

లెక్క వేసి చూద్దాం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదు. మూడు మిల్లీగ్రాములున్న బోరు ఒకటి ఉందనుకోండి. నీడపట్టున కూర్చున్న ఆసామి రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది ఆరు మిల్లీగ్రాములు. రోహిణి కార్తె ఎండలో మట్టి తవ్వే కూలీ ఆరు లీటర్లు తాగితే పద్దెనిమిది. బోరు ఒకటే, విషం మూడింతలు! పైగా ఆసామి క్యాను నీళ్లు కొనుక్కోగలడు. కూలోళ్లకు ఆ దారి ఏది? కాచి తాగినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

తిండి సంగతీ అంతే. కాల్షియం చాలని ఒంటిని ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. ఆంధ్ర పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంకరపోతున్న సంగతిని 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. పాలు కేంద్రానికి పోసి, ఆ డబ్బుతో ఉప్పూ పప్పూ కొనే ఇంట్లో పిల్లలకు గ్లాసెడు పాలు ఎక్కడివి?

మనిషి పుట్టి, పెరిగి, పనిచేసే పరిస్థితులే అతని ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2008లో తేల్చింది. దానికి అధ్యక్షుడు మైకేల్ మార్మట్. అధికారం, డబ్బు కొందరి చేతుల్లోనే ఉండడం జబ్బులకు మూలమని కూడా ఆ కమిషన్ చెప్పింది. మన పల్లెల్లో కూలోళ్ల మోకాళ్లు చెబుతున్నదీ అదే. వంగిన ఎముకను నిలబెట్టే మాత్ర లేదు. మంచినీళ్లు, మంచి తిండి, తిండికి సరిపడా కూలి, ఇవే దీనికి మందు.

కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024లో సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజున కూడా నీళ్లు మన పల్లెలకు చేరలేదు. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ ఎముకలు పెరిగింది బోరు నీళ్లతోనే.

కనుక ప్రతి గ్రామసభలో మనం గట్టిగా అడగాలి. ప్రతి బోరు నీటినీ పరీక్షించి, ఫలితాన్ని బోరు దగ్గరే బోర్డు మీద రాయాలి. వెలిగొండ నీటిలో తాగునీటికే మొదటి వాటా ఇవ్వాలి. పనిచోట తాగునీరు, నీడ ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టం చెప్పింది. పథకం పేరు ఏదైనా, ఇక ముందు పనిచోట ఇచ్చేది పరీక్షించిన నీరే కావాలి. అంగన్వాడీలో, బడిలో పిల్లలకు పాలు, గుడ్డు, ఆకుకూర తప్పకుండా అందాలి.

రాత అనుకుని కూర్చుంటే వచ్చే తరం మోకాళ్లూ వంగుతాయి. పిల్లల కాళ్లు తిన్నగా ఎదగాలంటే పెద్దోళ్లం కలిసి నిలబడాలి.