భూమి పట్టు తప్పితే

2020 ఆగస్టు 20. రాత్రి పదిన్నర వేళ. కొండ కడుపులో తొలిచి కట్టిన శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. చూస్తుండగానే పొగ సొరంగమంతా కమ్మేసింది. లోపలున్నవాళ్లలో కొందరు ఎలాగో బయటపడ్డారు. తొమ్మిది మంది రాలేదు. వారిలో ఏడుగురు జెన్‌కో సిబ్బంది. మిగతా ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు.

నీళ్లతో తిరిగే టర్బైన్ల దగ్గర బ్యాటరీలకేం పని అని ఆ వార్త చదివిన చాలామంది అనుకునే ఉంటారు. ఆ కేంద్రంలో ఒక్కోటీ 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అంత కరెంటు పుట్టే చోట కూడా, ముప్పు ముంచుకొచ్చినప్పుడు యంత్రాన్ని ఆపే శక్తి ఆ యంత్రం నుంచి రాదు. పక్క గదిలో వరసగా పేర్చిన బ్యాటరీల నుంచి వస్తుంది. మన విద్యుత్ కేంద్రాల్లో అది మామూలుగా 220 వోల్టుల డీసీ. లోపాన్ని పసిగట్టేది రిలే, లైనును తెంపేది బ్రేకర్. రిలే మేలుకుని ఉండాలన్నా, బ్రేకర్‌లోని ట్రిప్ కాయిల్ కదలాలన్నా ఆ డీసీయే ఆధారం. గ్రిడ్డు కుప్పకూలినా, కేంద్రమంతా చీకటైనా అది మాత్రం నిలిచి ఉండాలి. అది లేని సమయంలో ఎక్కడైనా షార్ట్ అయితే రిలేలకు కళ్లుండవు, బ్రేకర్లకు చేతులుండవు. ఒకవైపు నుంచి జెనరేటరు, మరోవైపు నుంచి గ్రిడ్డు ఆ లోపం మీదికి కరెంటు కుమ్మరిస్తూనే ఉంటాయి. సెకనులో పదో వంతు కాలంలో ఆరిపోవాల్సిన మంట ఆరదు. శ్రీశైలంలో ఆ రాత్రి బ్యాటరీల మార్పిడి పని నడుస్తోంది. ప్రమాదం తర్వాత జరిగిన చర్చలో ఎక్కువ భాగం డీసీ సరఫరా చుట్టూనే తిరిగింది.

కోట్లు పోసి యంత్రం కొంటారు. దాని ప్రారంభోత్సవానికి మంత్రులొస్తారు, శిలాఫలకాలు వేస్తారు. ఆ యంత్రాన్ని కాపాడాల్సిన బ్యాటరీ గది వైపు, భూమిలో పాతిన ఇనప పట్టీ వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. భూగర్భ పవర్‌హౌస్ నుంచి పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఇదే తీరు. ఇది మారాలి.

విద్యుత్ యంత్రానికి ఎర్తింగ్ ఉండాలన్న సంగతి అందరికీ తెలుసు. అయితే ఒకే పవర్‌హౌస్‌లో భూమితో మూడు రకాల బంధాలుంటాయని తెలిసినవాళ్లు తక్కువ. జెనరేటర్ సంగతే చూద్దాం. మూడు ఫేజుల వైండింగులూ కలిసే చోటు న్యూట్రల్. పెద్ద జెనరేటర్లలో దాన్ని నేరుగా భూమికి కట్టరు. కడితే, ఇన్సులేషన్ ఎక్కడో చెడి తీగ, యంత్రంలో తిరగని భాగమైన స్టేటర్ కోర్‌కు తగిలిన క్షణాన వేల ఆంపియర్లు దూకుతాయి. కోర్ అంటే ఒకే ముద్ద ఇనుము కాదు. అర మిల్లీమీటరుకు అటూఇటూ మందమున్న ఉక్కు రేకులకు వార్నిష్ పూసి, వేలకొద్దీ పేర్చి బిగించిన దొంతర. అంత కరెంటు పారితే ఆ రేకులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చెడిన కాయిల్‌ను మార్చుకోవచ్చు. కోర్ కరిగిందంటే స్టేటర్‌ను విప్పి రేకులు మళ్లీ పేర్చాలి, నెలల తరబడి యూనిట్ పడుకుంటుంది.

అందుకని న్యూట్రల్‌కూ భూమికీ మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, దాని సెకండరీకి రెసిస్టర్ కడతారు. ఊళ్లలో స్తంభాల మీద కనిపించే రకం ట్రాన్స్‌ఫార్మరే వందల మెగావాట్ల యంత్రానికి కాపలా కాస్తుంది. ఫాల్ట్ కరెంటు పది ఆంపియర్లకు అటూఇటూగా ఆగిపోతుంది. కోర్ దక్కుతుంది. అయినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. న్యూట్రల్‌కు బాగా దగ్గరలో ఇన్సులేషన్ చెడితే అక్కడ వోల్టేజీ చాలా తక్కువ కాబట్టి మామూలు రిలేకు అది కనబడదు. వైండింగులో 95 శాతమే దాని చూపులో ఉంటుంది. మిగిలిన ఐదు శాతం కోసం, జెనరేటర్ తనంతట తాను పుట్టించే 150 హెర్ట్జ్ మూడో హార్మోనిక్ వోల్టేజీ మీద వేరే రిలే కన్నేసి ఉంచుతుంది. ఆ చిన్న భాగాన్ని కూడా వదిలిపెట్టని ఇంజనీర్ల పట్టుదలకు దండం పెట్టాలి.

జెనరేటర్ పక్కనే ఉండే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు లెక్క తిరగబడుతుంది. దాని 220 కేవీ, 400 కేవీ వైపు న్యూట్రల్‌ను నేరుగా భూమికి కట్టేస్తారు. కట్టకపోతే ఒక ఫేజు నేలను తాకినప్పుడు మిగతా రెండింటి వోల్టేజీ 1.73 రెట్లకు ఎగబాకుతుంది. అంత వోల్టేజీని ఓర్చుకునే ఇన్సులేషన్‌కు ఖర్చు తడిసి మోపెడవుతుంది. నేరుగా కడితే ఫాల్ట్ కరెంటు పెద్దదే వస్తుంది, రిలే వెంటనే పట్టేస్తుంది, బ్రేకర్ తెంపేస్తుంది. బ్రేకర్ పనిచేస్తేనే సుమా.

ఇక ఆ బ్రేకర్‌ను నడిపే డీసీని అసలు భూమికే కట్టరు. ఒక తీగ ఎక్కడో నేలకు తగిలినా సరఫరా ఆగకూడదని ఈ ఏర్పాటు. మొదటి ఎర్త్‌కు అలారం మోగుతుంది, అంతే. రెండోది కూడా వచ్చిందా, నడుస్తున్న యూనిట్ ఏ కారణమూ లేకుండా ట్రిప్ కావచ్చు, లేదా ట్రిప్ కావాల్సినప్పుడు కాకపోవచ్చు. మొదటి ఎర్త్ ఎక్కడుందో పట్టుకోవడం ఓపిక తినేసే పని. ఒక్కో సర్క్యూట్ ఫ్యూజూ తీసి, అలారం ఆగిందో లేదో చూసి, మళ్లీ పెట్టి, ఇంకోటి తీసి వెతకాలి. రేపు చూద్దాంలే అనిపించే పనుల్లో ఇదొకటి. ఇంత ప్రమాదకరమైన వాయిదా ఇంకోటి లేదు.

ఆ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంకో కాపలా కూడా ఉంది. నూనె నింపిన దాని తొట్టికీ, పైనుండే కన్జర్వేటర్ అనే నూనె డబ్బాకూ మధ్య గొట్టంలో బుకోల్జ్ రిలే ఉంటుంది. జర్మనీకి చెందిన మాక్స్ బుకోల్జ్ 1921లో రూపొందించిన పరికరం. లోపల ఏ మూలో నిప్పురవ్వ పుడితే నూనె విడిపోయి గ్యాస్ బుడగలు పైకి తేలతాయి. అవి ఈ రిలేలో పోగవుతాయి. దీనికి చిన్న గాజు కిటికీ ఉంటుంది. పేరుకున్న గ్యాస్ ఎంతో, ఏ రంగులో ఉందో చూసి అనుభవమున్న ఇంజనీరు లోపల కాలింది కాగితమా, నూనెనా అన్నది చాలావరకు ఊహించగలడు. గ్యాస్ నెమ్మదిగా చేరితే అలారం, నూనె ఒక్కసారిగా ఎగదన్నితే ట్రిప్. నూరేళ్లు దాటినా దీన్ని పక్కన పెట్టగలిగిన పరికరం రాలేదు. ఇది కూడా బ్రేకర్‌ను తెరిపించేది ఆ డీసీతోనే.

పవర్‌హౌస్ వదిలి అనంతపురం జిల్లా పల్లెకు వెళితే అదే శాస్త్రం పొలంలో నిలబడి ఉంటుంది. రెండు స్తంభాల మధ్య 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. కింద మూడు ఎర్త్ గుంతలుండాలి: పిడుగుల నుంచి కాపాడే అరెస్టర్లకు ఒకటి, మిగతా రెండు న్యూట్రల్‌కూ ట్రాన్స్‌ఫార్మర్ బాడీకీ. న్యూట్రల్‌ను కనీసం రెండు వేర్వేరు దారుల్లో భూమికి కలపాలని 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే ఉంది. దగ్గరికెళ్లి చూస్తే చాలాచోట్ల గుంతలో వేసిన ఉప్పు ఎప్పుడో కరిగిపోయి మట్టి బీటలువారి ఉంటుంది. జీఐ పట్టీ నేల దగ్గర తుప్పు పట్టి, ఒత్తితే పెళ్లలుగా రాలుతుంది. కొన్నిచోట్ల పట్టీయే ఉండదు, దొంగలు కోసుకుపోయి ఉంటారు. పైన ఫ్యూజు వైరు ఉండాల్సిన చోట కండక్టరులోంచి లాగిన అల్యూమినియం పోగు చుట్టి ఉంటుంది. అది కరగదు. బదులుగా ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఆ తర్వాత రైతులు తలా ఇంత వేసుకుని, దాన్ని ట్రాక్టరులో ఎక్కించి రిపేరు షెడ్డుకు మోసుకెళ్తారు. పైరు ఎండుతుంటే ఎవరి కోసం ఆగుతారు?

కాలిన ట్రాన్స్‌ఫార్మర్ తిరిగొస్తుంది. రైతు రాడు. అతని ప్రాణం ఎలా పోతుందో చెప్పే లెక్క కష్టమైనది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్ 5 ఓములు ఉందనుకుందాం. మోటారు దగ్గర రైతు పాతుకున్న ఎర్త్ పైపు ఎండిన నేలలో 50 ఓములు. స్టార్టర్ డబ్బాకు ఫేజు తగిలితే పారే కరెంటు 230ని 55తో భాగించినంత, అంటే నాలుగు ఆంపియర్ల చిల్లర. ఏ ఫ్యూజూ దానికి పోదు. డబ్బా మీద దాదాపు 209 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి, తడి చేత్తో ఎవరో ముట్టుకునేదాకా. అదే రైతు పైపు 5 ఓములుండి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ 50 అయితే, ఆ 209 వోల్టులు న్యూట్రల్ తీగ మీదికి ఎక్కుతాయి. తప్పు ఒకరి మోటారులో ఉంటే షాకు ఆ లైను మీదున్న ఇంకొకరికి తగులుతుంది. రెండుచోట్లా 5 ఓములున్నా పారేది 23 ఆంపియర్లే, డబ్బా మీద 115 వోల్టులు ఉంటాయి. కాబట్టి మంచి ఎర్త్ ఒక్కటే చాలదు, 30 మిల్లీఆంపియర్లకే తెంపేసే లీకేజీ బ్రేకర్ ప్రతి మోటారుకూ కావాలి. సబ్సిడీల మీద ఇన్ని మాటలు మాట్లాడే ప్రభుత్వాలు, ఉచిత కరెంటుతో పాటు ఈ బ్రేకర్‌ను కూడా బిగించి ఇస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

చేయాల్సినవి అసాధ్యమైనవేం కావు. ఒక బ్యాటరీ సెట్‌ను మారుస్తున్నప్పుడు రెండోది లోడు మీద ఉందని, ట్రిప్ కాయిళ్లకు డీసీ అందుతోందని కాగితం మీద సంతకం పడేదాకా ఆ కేంద్రంలో ఏ యూనిట్టూ తిరగకూడదు. వరద పోటెత్తి, ఉత్పత్తి ఒత్తిడి ఉన్నప్పుడు ఈ నియమం పాటించడం కష్టంగా ఉంటుంది. కచ్చితంగా పాటించాల్సింది కూడా అప్పుడే. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ మీద కెపాసిటీ రాసినట్టే, ఎర్త్ ఎన్ని ఓములు వచ్చిందో, ఏ తేదీన కొలిచారో పెయింటుతో రాయాలి. ఐదు ఓములు దాటితే గుంత తవ్వి బాగుచేయమని అడిగే హక్కు ఆ రైతుకు ఉండాలి. ఆ కొలత ఏప్రిల్, మే నెలల్లో తీసినదై ఉండాలి. జూలైలో తడి నేల మీద 4 ఓములు చూపించిన గుంతే, నడి ఎండాకాలంలో అంతకు ఎన్నో రెట్లు చూపించవచ్చు.