మన బావుల మాట

ప్రతి సంవత్సరమును ఉగాదినాడు మన సంఘములు సభచేసి యొక తీర్మానము నంగీకరించుట పరిపాటియైనది. పాఠశాలలలో తెలుగు తరగతులు తగ్గిపోవుచున్నవనియు, మన పిల్లలకు తెలుగు చదువను వ్రాయను రాకున్నదనియు, ప్రభుత్వమువారు దయదలపవలెననియు ఆ తీర్మానముల సారాంశము. అందులో అసత్యమేమియు లేదు. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు కలిగిన చిక్కులు మీకు తెలియనివి కావు. న్యాయస్థానముదాక పోయి మినహాయింపులు తెచ్చికొనవలసిన గతి పట్టినది. ఆ తీర్మానముల క్రింద నేనును సంతకము చేసినవాడనే. అయినను ఈ సంచికలో ఆ పాటనే మరల పాడుటకు నాకు మనసొప్పుటలేదు. భాష పోవుచున్నదని మనము వగచుచున్న ఈ కాలముననే మన వాకిళ్లనుండియు పెరళ్లనుండియు పోయిన వస్తువుల జాబితాను ఎవ్వరును వ్రాయలేదు. వానిని పోగొట్టినది ప్రభుత్వము కాదు. మనమే.

మొన్నటి వేసవిలో మా మనుమడు తెలుగు వాచకము పట్టుకొనివచ్చి, "తాతయ్యా, చేద అంటే ఏమిటి?" అని అడిగెను. చెప్పితిని. "గిలక అంటే?" అదియు చెప్పితిని. "మరి ఒర?" చెప్పబోయి ఆగితిని. వానికి చూపుటకు మా యింట ఏమున్నది? నుయ్యి యుండినచోట నేడు మోటారు స్విచ్చి పెట్టె యున్నది. దాని ప్రక్కన ఇరువది లీటర్ల ప్లాస్టిక్కు డబ్బాలు నాలుగు బోర్లించి యున్నవి. చేద, బొక్కెన, గిలక, చేంతాడు, ఒర, గట్టు, ఊట, పూడిక: ఒక్క నూతిని పూడ్చుట యనగా ఇన్ని మాటలను పూడ్చుట. వాడు ఆ మాటలను మరచినవాడు కాడు, ఆ వస్తువులను పుట్టి యెరుగడు. ఇట్టి బిడ్డలకు వాచకములు పంచిపెట్టినంతమాత్రమున తెలుగు నిలుచునని నమ్మువారు నమ్ముదురుగాక, నేను నమ్మలేకున్నాను.

మాది చింతాద్రిపేట. చిన్న తరి పేట, అనగా చిన్న మగ్గముల పేట యను తమిళపు మాటయే ఇట్లు మారినది. 1734లో కుంపిణీవారు, సుంకురామ సెట్టి తోట యుండిన నేలలో, నేతగాండ్రను అద్దకమువారిని రప్పించి ఈ పేటను నిలిపిరి. అట్లు వచ్చినవారిలో తెలుగువారు పెక్కుమంది. కూవము నది వంపుతిరిగి ఈ పేటను చుట్టివచ్చును. నూలుపనికి నీరు కావలెను గనుకనే ఈ తావును కోరుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దిలో పచ్చయప్ప మొదలియారువంటి ధనికుడు ఆ కూవముననే స్నానముచేసి ఆవలి గట్టున కోమళేశ్వరుని సేవించెడివాడని చరిత్రకారులు వ్రాసియున్నారు. నేడు కూవమను మాట ఈ నగరమున తిట్టుగా వాడబడుచున్నది. నదిపేరు తిట్టైన ఊరిలో కాపురముండుట మనకేమియు కష్టముగా తోచుటలేదు. కిటికీలు మాత్రము మూసికొనుచున్నాము.

మా నూతి కథ చెప్పెదను. 2009లో అన్నదమ్ముల వాటాలు తెగినవి. పాత యిల్లు పడగొట్టి అంతస్తుల యిల్లు లేపుటకు నిశ్చయించితిమి. కట్టుబడి గుత్తదారు నుయ్యిని చూచి, అది యున్నచో రెండు కార్లు నిలుపుకొను చోటు పోవుననెను. అప్పటికి అందులో నీరు పదునేనడుగుల లోతుననే యున్నది. మా పెద్దవదినగారు ఒక్కరే అడ్డుపడిరి. "నీళ్లున్న నుయ్యి పూడిస్తే వంశానికి మంచిది కాదురా అబ్బాయీ" అనిరి. పాతకాలపు మాటలని నవ్వితిమి. పడగొట్టిన యింటి పెళ్లలనే మూడుదినములు అందులో పోయించితిమి. వాటాల కాగితముమీద నా సంతకముకూడ కలదు. ఆమె వంశమునుగూర్చి పలికినది సరియో కాదో నేనెరుగను. నీళ్లనుగూర్చి పలికినది మాత్రము పదేండ్లకే రుజువైనది.

2019 జూనులో పూండి, చోళవరము, ఎర్రకొండల చెరువు, చెంబరంబాకము నాలుగును ఎండి నెరియలువారెను. జులైలో జోలార్‌పేటనుండి రైలుబండిమీద నగరమునకు నీళ్లు తెచ్చిరి. మా వీధిలో రాత్రి రెండుగంటలకు లారీ వచ్చెడిది. రంగురంగుల ప్లాస్టిక్కు బిందెలు సందు మలుపుదాక బారులుతీరి యుండెడివి. నలువదియేండ్లుగా ఒకరి యింటి పేరంటమునకు ఒకరు పోవుచుండిన ఆడువారు ఒక్క బిందె వరుస తప్పినందుకు ఏమేమి మాటలాడుకొనిరో ఇచట వ్రాయుటకు వీలుకాదు. ఆ రెండిండ్లవారును నేటికి మాటలాడుకొనుటలేదు. మా బోరుబావి గాలిని కక్కినది. కారుల క్రింద, పెళ్లలక్రింద, మా నూతి ఊట యెటు పోయెనో ఎవరికి తెలియును?

ఈ నగరము ఎడారి యగుచో ఇదంతయు విధిలిఖిత మనుకొనవచ్చును. ఇచట సాలీనా సుమారు 140 సెంటీమీటర్ల వాన కురియును. ఆ కరువునకు నాలుగేండ్లముందే, 2015 డిసెంబరు 1వ తేదీన, చెంబరంబాకమునుండి 29,000 క్యూసెక్కుల నీటిని విడువగా అడయారు నది యిండ్లలో జొరబడెను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్లదగ్గర తీరము దాటకముందు ఈ నగరమును మరల ముంచిపోయెను. మునుగుటయు మనమే, దప్పిగొనుటయు మనమే. వాననీటికి నిలువనీడ లేకుండ చేసినవారము వానను నిందించుట యెట్లు?

ఇందుకు, "చెరువులు పూడ్చినది దొరతనమువారు గదా, మనమేమి చేయగలము" అని ఒక సమాధానము చెప్పుచుందురు. ఇది సగము నిజము. నుంగంబాకము చెరువు నేలపైననే 1976లో వళ్లువర్ కోట్టము వెలసినది. త్యాగరాయనగరము మాటయో? మాంబలముచెంత విశాలముగా నుండిన చెరువును పూడ్చి, 1923 మొదలు 1925 వరకు ఆ నగరమును తీర్చిరి. ఆనాడు మదరాసు రాజధానికి ప్రధానమంత్రి ఎవరు? కాళహస్తి ప్రాంతపు తెలుగు జమీందారు, పానుగంటి రామారాయణింగారు, పానగల్లు రాజావారు. ఆ నగరమునకు పెట్టిన పేరు ఎవరిది? తెలుగు దేవాంగ కుటుంబమున పుట్టిన పిట్టి త్యాగరాయ సెట్టిగారిది. వారు గొప్పవారే, కాదనను. ఆ దినములలో చెరువును పూడ్చుట అభివృద్ధి యని విద్యావంతులందరును తలచిరి. అయినను, పానగల్లు పార్కు మీదుగా పోవునపుడెల్ల "మనవారి పేరు" అని పొంగిపోవు మనము, ఆ పేరు చెరువుమీద నిలిచినదని పిల్లలకు చెప్పితిమా?

రెండవ సమాధానము మరింత నీచమైనది. "ఇది మన ఊరు కాదు, మనము అల్పసంఖ్యాకులము, మనకెందుకు?" ఈ మాట వినునపుడు నాకు పట్టరాని కోపము వచ్చును. 1639లో కుంపిణీవారికి ఈ నేల దక్కినపుడు దానినిచ్చినవారు దామెర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణమైనది. ఈ పట్టణముననే, మైలాపూరులోని బులుసు సాంబమూర్తిగారి యింట, పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణము విడిచిరి. ఆ కాలమున "మదరాసు మనదే" యని వీధులుదద్దరిల్ల కేకలువేసినవారు మన తండ్రులు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము మదరాసు లేకయే యేర్పడెను. అది ముగిసిన వివాదము. దానిని రేపవలెనని నేను చెప్పుటలేదు. తమిళ సోదరులతో మనకు పొత్తేగాని పోరులేదు. అయితే పటములో గీత అటు పడినదని, మన గుమ్మము ముందటి మురుగుకాలువకూడ మనది కాకుండ పోయెనా? ఇల్లు మనది, పన్ను మనది, అద్దెలు మనవి. దుర్గంధము మాత్రము ప్రభుత్వమువారిదా?

కాలువ యనగానే బకింగ్‌హాము కాలువ జ్ఞాపకము వచ్చుచున్నది. తెలుగు దేశమును ఈ నగరమునకు కట్టివేసిన పేగు అది. 1806లో ఎన్నూరువరకు త్రవ్వబడి, తరువాత ఉత్తరముగా పెద్దగంజాముదాక సాగి, అచటినుండి కొమ్మమూరు కాలువతో కృష్ణా డెల్టాను కలిసెను. 1876-78 ధాతకరువులో ఆకలిగొన్న కూలీల చేతులతో కూవమును అడయారును కలుపు భాగమును త్రవ్వించి, అప్పటి గవర్నరుపేరు పెట్టిరి. శ్రీహరికోట సరుగుడు కట్టెలు, పులికాటు గుల్లసున్నము, ఉప్పు, ధాన్యము పడవలమీద ఈ కాలువలోనే వచ్చెడివి. మనవారిలో పెక్కుమంది పూర్వులు ఆ పడవలవెంటనే వచ్చినవారు. తుపానులు కొంత చెరిచినవి. తరువాత పట్టించుకొనినవారు లేరు. 1990 దశకమున ఆకాశపు రైలుమార్గపు స్తంభములను నగరములోని ఈ కాలువ గర్భముననే నాటిరి. 2008లో ఈ కాలువను జాతీయ జలమార్గములో చేర్చిరి. స్తంభముల నడుమ పడవ యెట్లు పోవునో చేర్చినవారికే ఎరుక.

రెండేండ్ల క్రిందట మైలాపూరు దగ్గర ఆ కాలువ గట్టుమీద నిలుచుంటిని. గుర్రపుడెక్కలో చిక్కుకొని ఒక ఫ్లెక్సీ కనబడినది. దానిమీద తెలుగుతల్లి చిత్రము, క్రింద ఉగాది శుభాకాంక్షలు. ఏ సంఘమువారిదో చెప్పను; చెప్పినచో మనలో తగవులు పుట్టును. ఆ సంఘమువారు ఆ యేడును తీర్మానము చేసియే యుందురు.

మన సభలలో చప్పట్లు కొట్టించు మాట మరియొకటి కలదు: "చెన్నపురివారు త్రాగుచున్నది మన కృష్ణమ్మ నీరే." 1983 ఏప్రిలులో రామారావుగారు, రామచంద్రన్‌గారు చేసికొనిన ఒప్పందము, 1996లో పూండికి చేరిన మొదటి నీరు, నిజముగా గొప్ప సంగతులే. శ్రీశైలమునుండి వెలుగోడు, సోమశిల, కండలేరుల మీదుగా ఆ నీరు వచ్చుచున్నది. సరిహద్దువద్ద ఏటికి 12 టి.ఎం.సి. అందవలెనని లెక్క. అయినను ఆలోచింపుడు. శ్రీశైలము జలాశయములో ఊళ్లు విడిచిపోయిన రైతులున్నారు. కాలువగట్టునే యుండి పైరెండిన రాయలసీమ రైతులున్నారు. వారి ముందునుండి నడచివచ్చిన నీటిని, పదునేనడుగుల లోతున ఊటయున్న నుయ్యిని పెళ్లలతో పూడ్చిన నేను త్రాగుచున్నాను. ఇందులో గర్వించుటకేమున్నది? తెలుగువాడనైనందుకు నాకు మరికొంత సిగ్గు కలుగవలెను.

నుయ్యి యొక్కటియే కాదు. వీధి అరుగులు పోయినవి. ఎండలో వచ్చిన తపాలా బంట్రోతు కూర్చుండి మంచినీళ్లడిగి త్రాగినచోట ఇనుప గేటు, దానికొక కాపలాదారు. వాన వెలిసిన రాత్రి కప్పల అరపు విని యెన్నేండ్లయినదో. ముగ్గు స్థానమున అంటించు కాగితము వచ్చినది. అది ఏడాదియంతయు చెరగదు, ఏ చీమకును పిండి పెట్టదు. వేసవిలో చలివేంద్రము పెట్టుట మన వర్తకుల కులధర్మముగ నుండెడిది; నేడు సంఘాధ్యక్షుని యెదుట బల్లమీద మూత విప్పని నీటిసీసా. ఇవి చిన్న సంగతులని మీరనవచ్చును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో ఈ పట్టణమునుండి కాశికి బయలుదేరి, మజిలీ మజిలీకి నీటివసతి యెట్లున్నదో వ్రాసికొనుచు పోయిరి. వారికది చిన్న సంగతిగా తోచలేదు.

నిరాశయే పలుకుచున్నానని తలపకుడు. 2003లో ఈ రాష్ట్రమున ప్రతి కట్టడమునకును వాననీటి గుంతలు తప్పనిసరి చేసిరి. పైవానను నేలలోనికి దింపిన తావులలో భూగర్భజలము పైకి వచ్చినది. మా వీధిలో కొందరు ఆ చట్టమును ఎట్లు పాటించిరో కూడ చూచితిని: మేడమీదినుండి గొట్టము దింపి, దాని కొనను రెండడుగుల యిసుకలో గుచ్చి, తనిఖీదారు పోయినపిమ్మట మాపటికి మరచిరి. అందులో తెలుగువారును, తమిళులును, మార్వాడీలును సమానముగనే యున్నారు. ఈ విషయమున మనకు భాషాభేదము లేదు.

కావున రాబోవు ఉగాదికి తీర్మానమును ఒక్కయేడు ఆపుదమని నేను కార్యవర్గమువారికి వ్రాసితిని. దానికి బదులు, సభ్యులలో ఎవరి యింట నుయ్యి యున్నది, ఎవరు పూడ్చిరి, ఎవరు మూతవేసిరి, నీరెంత లోతున నున్నది, ఇవి వ్రాసి జాబితా చేయుదమంటిని. పూడ్చినవారి జాబితాలో మొదట నా పేరు వేయుడంటిని. సాంస్కృతిక సంఘమునకు ఇది తగిన పని కాదని ప్రత్యుత్తరము వచ్చినది. నేను ఊరకుండలేదు. మా వీధిలో నేనే తిరిగితిని. పదునొకండు నూతులలో తొమ్మిది పూడ్చిరి. రెండు మిగిలినవి, ఒకటి సిమెంటు పలకలక్రింద నున్నది, రెండవదానిలో చెత్త.

పలకలున్న యింటి యజమానురాలు వృద్ధురాలు. మొదట కాదనెను, తరువాత మూత తీయుటకు ఒప్పుకొనినది. పూడిక తీయుమేస్త్రి లోపలిగాలి చూచిన తరువాతనే దిగుదుననియు, వైశాఖములో వచ్చెదననియు చెప్పినాడు. ఇరుగుపొరుగువారు నలుగురు ఖర్చు పంచుకొనుటకు ముందుకు వచ్చిరి; వారిలో ముగ్గురు తమిళులు. మా మనుమడు ప్రతి ఆదివారమును నావెంట గుజిలీ అంగళ్లకు వచ్చుచున్నాడు. చేద దొరికినది, చేంతాడు దొరికినది. గిలక యింకను దొరకలేదు.