గీత దాటితేనే మందు

వేలూరులో దిగే తెలుగువాళ్లలో చాలామంది చేతిలో ఓ ఫైలు ఉంటుంది. చిత్తూరు, తిరుపతి, కడప వైపు నుంచి సీఎంసీ ఆస్పత్రికి వచ్చే రోగులు వాళ్లు. పాలారు అవతల కాట్పాడిలో, 1984లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన వీఐటీలో నానోబయోటెక్నాలజీ కేంద్రం ఉంది. ఓ గట్టున రోగి, మరో గట్టున ప్రయోగశాల. ఇలాంటివి ఎంత దగ్గరైతే రోగికి అంత మేలు.

నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. అంతటి సూక్ష్మ రేణువులతో మందును ఒంట్లో చేరవేయడమే నానో వైద్యం. పాక్లిటాక్సెల్ అనే కేన్సర్ మందునే తీసుకోండి. అది నీళ్లలో కరగదు. ఆముదం నుంచి చేసిన ద్రావకంలో కలిపి ఎక్కిస్తే కొందరికి పడక అలర్జీ వచ్చేది. రక్తంలో ఉండే అల్బుమిన్ ప్రొటీన్‌తో కలిపి సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేశాక ఆ ద్రావకంతో పని లేకుండా పోయింది. 2005లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది.

ఇది ఒక్క డిపార్టుమెంటు వల్ల అయ్యే పని కాదు. రేణువు తయారుచేసేది కెమిస్ట్రీ వాళ్లు, దాన్ని కొలిచేది ఇంజనీర్లు, కణాల మీద పరీక్షించేది బయాలజీ వాళ్లు. రోగికి ఏం కావాలో చెప్పాల్సింది డాక్టర్లు. పెన్సిల్వేనియా వర్సిటీలో బయోకెమిస్టు కారికో, ఇమ్యునాలజిస్టు వీస్‌మన్ కలిసి చేసిన కృషికే 2023 నోబెల్ వచ్చింది. కొవిడ్ టీకాలో వాళ్ల ఎంఆర్‌ఎన్‌ఏను కణంలోకి చేర్చినవి కొవ్వు నానో రేణువులే.

మన దగ్గర దారులు లేవని కాదు. 2007లో కేంద్రం వెయ్యి కోట్లతో నానో మిషన్ మొదలుపెట్టింది. 2008లో వచ్చిన నానో ఎలక్ట్రానిక్స్ పథకం బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే ల్యాబుల తలుపులు బయటి కాలేజీలకూ తెరిచింది. ఐఐటీ మద్రాస్, సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ నడిపాయి. నానో మందుల పరీక్షకు 2019లో మార్గదర్శకాలూ వచ్చాయి.

ఈ ఒరవడి సరిహద్దు వర్సిటీల దాకా రావాలి. హోసూరు, కోలారు, బళ్లారి, చిత్తూరు పిల్లలకు ఇదే అందివచ్చే మెట్టు. కాగితాల మీద ఒప్పందాలు, ఫొటోలతో సరిపెడితే లాభం లేదు. ఒక్కో విద్యార్థికి ఇద్దరు గైడ్లుండాలి, ఒకరు ల్యాబులో, ఒకరు ఆస్పత్రిలో. కోట్లు పోసి కొన్న మైక్రోస్కోపు మీద పక్క రాష్ట్రం విద్యార్థికీ వంతు రావాలి. పేపరులో ఎవరి పేరు ముందుండాలో, పేటెంటులో ఎవరి వాటా ఎంతో మొదటిరోజే రాసుకోవాలి. చాలా స్నేహాలు చెడేది అక్కడే. నైతిక కమిటీల అనుమతులకు ఓ గడువు పెట్టాలి. స్కాలర్‌షిప్పు నెలనెలా అందాలి. అది ఆగిపోతే ముందు చదువు మానేది పేదింటి పిల్లలే.

వేలూరు వెళ్లే రోగి రాష్ట్రాల మధ్య గీతను చూడడు. వాడి రోగం అసలే చూడదు. మరి వర్సిటీలు మాత్రం ఎందుకు చూడాలి?