శాస్త్ర పరిచయం: హద్దుకు ఆవలి చెట్లు

అడవిలో వృక్షాలు గుంపులుగా పెరిగాయా, ఒకదానికొకటి ఎడంగా పెరిగాయా, లేక ఏ నియమమూ లేకుండా వెదజల్లినట్లున్నాయా? విత్తనాలు తల్లిచెట్టు చెంతనే రాలుతున్నాయా, నీటికోసం చెట్ల మధ్య పోటీ ఉన్నదా అనే విషయాలకు ఆ అమరికలోనే ఆధారాలు లభిస్తాయి. అయితే అడవినంతటినీ కొలవడం అసాధ్యం కనుక, కొంత భాగానికి హద్దు గీసి లోపలి చెట్లనే లెక్కిస్తారు. చిక్కంతా ఆ హద్దు వద్దనే వస్తుంది. ఈ సంచికలో మనం ఆ చిక్కును గురించి తెలుసుకుందాం.

నీలగిరి జిల్లా ముదుమలై అడవిలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 1988-89లో నెలకొల్పిన పరిశోధనా క్షేత్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని పొడవు 1000 మీటర్లు, వెడల్పు 500 మీటర్లు. వెరసి 50 హెక్టార్లు. క్షేత్రం నడుమనున్న చెట్టు చుట్టూ 50 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే పొరుగు చెట్లన్నీ లెక్కకు వస్తాయి. హద్దు మీది చెట్టుకైతే సగం వృత్తం బయట పడుతుంది. అక్కడా చెట్లున్నాయి, మన పట్టికలో మాత్రం లేవు. నమోదు కానిదానిని లేనిదిగా భావిస్తే పొరుగు చెట్ల సగటు తగ్గి, గుంపుగా ఉన్నవి కూడా ఎడంగా ఉన్నట్లు తోస్తాయి.

హద్దు వెంబడి 50 మీటర్ల పట్టీ వదలి, లోపలి చెట్ల చుట్టూ మాత్రమే వృత్తాలు గీయడం సులభమైన ఉపాయం. పట్టీలోని చెట్లను పొరుగు చెట్లుగానే లెక్కిస్తారు. కాని ఇందులో నష్టం ఎక్కువ. కేంద్రాలుగా వాడుకోవడానికి 36 హెక్టార్లే మిగులుతాయి. పట్టీని 100 మీటర్లకు పెంచితే మిగిలేవి 24 మాత్రమే.

బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త బ్రయాన్ రిప్లీ 1976లో వేరొక మార్గం చూపారు. ఒక చెట్టు కేంద్రంగా, పొరుగు చెట్టు మీదుగా వృత్తం గీసి, దాని పరిధిలో ఎంత భాగం క్షేత్రంలో ఉన్నదో చూడాలి. సగమే ఉంటే ఆ పొరుగు చెట్టును రెండుగా, నాల్గవ వంతే ఉంటే నాలుగుగా లెక్కించాలి. అయితే వృత్తం పెద్దదైన కొద్దీ భారమంతా కొద్ది చెట్ల మీదనే పడి అంచనా నిలకడ తప్పుతుంది. అందుకే వ్యాసార్ధం చిన్న భుజంలో నాల్గవ వంతును, ఇక్కడ 125 మీటర్లను, మించకుండా చూడడం వాడుక.

హద్దు ప్రకృతి సిద్ధమైనదైతే విషయం వేరు. చిన్న ద్వీపాన్ని పూర్తిగా కొలిచినప్పుడు ఆవల ఉన్నది సముద్రమే. అక్కడ ఈ సవరణ చేస్తే లేని చెట్లను సృష్టించినట్లవుతుంది.

లోహపు పలక మీది తుప్పు గుంటలను సూక్ష్మదర్శినిలో పరిశీలించే మనకూ ఇది వర్తిస్తుంది. గుంటలు ఒకచోట గుమిగూడితే అక్కడ ప్రత్యేక కారణం ఉన్నదేమోనని వెదకాలి. సవరణ లేని లెక్క ఆ అనుమానానికే తావివ్వకపోవచ్చు. కనుక సూత్రాన్ని ప్రయోగించే ముందు, మనం చూస్తున్నది పలక అంచునా, కేవలం కటకపు అంచునా అని నిర్ధారించుకోవడం అవసరం.