హోటలు కూరలో మందు కలదా?

జనగామలో నొక హోటలు కూర రుచి మరగిన మా కుమారుడు ఇంటి టమాట పప్పును ముట్టుట మానెను. "ఏదో మందు కలుపుచున్నారు" అని మహబూబాబాదు నుండి వచ్చిన మా వదినగారనగా మేమును నమ్మితిమి.

మా వారు నవ్వి, ఆ మందు అజినమోటో కాబోలుననియు, 1908లో జపాను పండితుడు కికునే ఇకెడా సముద్రపు నాచునందు కనుగొన్న గ్లుటమేటే దాని సారమనియు, అది పండిన టమాటయందును సహజముగా గలదనియు చెప్పిరి. మేము దూషించిన మందు మా పప్పుగిన్నెలోనే యున్నది!

ఐనను సందేహము తీరక, ఆ కూరనే తెప్పించి రాత్రి మూతపెట్టి యుంచితిమి. తెల్లవారుసరికి వ్రేలి మందమున నూనె పైకి తేలినది. మనము చెంచాతో పోయుదానిని వారు గరిటెతో పోయుదురు కాబోలు! దానికి ఉప్పును, తీపియు తోడైనచో ఆకలి తీరినను చేయి యాగదు.

మొన్న పప్పులో నేయి కొంత యధికముగా పోసితిమి. వాడు రెండవమారు వడ్డింపుమనెను.